తెర మీద చూపు, సూది మీద చేయి
రొమ్ములో గడ్డకు బయాప్సీ అనగానే గుండె జారుతుంది. ఆ గదిలో ధైర్యమిచ్చేది రేడియాలజిస్టు చేతి నేర్పే. ఒక చేత అల్ట్రాసౌండ్ ప్రోబ్, మరో చేత సూది, చూపేమో తెర మీద. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంటుంది. ఆ తర్వాత తెలిసేది ఒత్తిడే. సూదిని ఛాతీగోడకు సమాంతరంగా నడపడంలోనే ఉంది పనితనమంతా: మొన ఊపిరితిత్తి వైపు తిరగకూడదు. “ఇప్పుడు టప్పుమని శబ్దం వస్తుందమ్మా, కదలకండి” అని ముందే చెబుతారు. ఆ మాటకే నేను చేతులు జోడిస్తాను. అగ్గిపుల్లకన్నా సన్నని ముక్కలు కొన్ని ఫార్మలిన్‌లోకి చేరతాయి. తర్వాత నర్సమ్మ వంతు. నెత్తురు ఆగేదాకా ఓపిగ్గా అదిమి పట్టుకుంటుంది. సాధారణంగా కుట్లుండవు. కాస్త కమిలినా తగ్గిపోతుంది. రిపోర్టుకు కొద్ది రోజులు పడుతుంది. క్యాన్సర్ కాని గడ్డలూ బోలెడు.