శాలువా మాట, ధర్నా మాట

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నుంచి ఇందిరా పార్కు ధర్నా చౌక్‌కి అశోక్‌నగర్ మీదుగా నడిచే వెళ్లిపోవచ్చు. ఆ కాస్త దూరంలోనే ఒక మనిషిని పిలిచే మాట మూడుసార్లు మారుతుంది. సన్మాన వేదిక ఎక్కితే ‘దివ్యాంగుడు’. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో కూర్చుంటే ‘పీహెచ్’. ధర్నా చౌక్‌లో బ్యానర్ పట్టుకుంటే ‘వికలాంగుడు’.

ముందు శాలువా మాటనీ ధర్నా మాటనీ పక్కపక్కన పెడదాం. వికలం అంటే ఏదో ఒక భాగం లోపించినది. చెడ్డ కబురు వింటే ఎవరి మనసైనా వికలమవుతుంది, దాన్నెవరూ తిట్టు అనుకోరు. ఒంటికి తగిలించినప్పుడే అది ముద్ర అయింది. అయితే ఆ ముద్ర పడ్డవాళ్లు దాన్ని ఊరికే మోయలేదు, పనికి పెట్టుకున్నారు. ఐక్యరాజ్య సమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన నాటి నుంచి బస్ పాసు అడిగినా, ఉద్యోగాల్లో 3 శాతం కోటా ఇచ్చిన 1995 చట్టాన్ని అమలు చేయమన్నా తెలుగులో అడిగింది ఈ మాటతోనే. మంద కృష్ణ మాదిగ స్థాపించిన సంఘం పేరు వికలాంగుల హక్కుల పోరాట సమితి. తెలంగాణలో 2014లో 1500 రూపాయలు ఉండి, తర్వాత 4016కి చేరిన నెలసరి సాయాన్ని జనం నేటికీ ‘వికలాంగుల పింఛన్’ అనే అంటారు.

దివ్యాంగుడికి ఈ చరిత్ర లేదు. 2015 డిసెంబర్‌లో ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధాని మోదీ సూచించిన మాట అది. మరుసటి ఏడాది వచ్చిన హక్కుల చట్టం హిందీ పాఠంలో ‘దివ్యాంగజన్’ ఉంది, ఇంగ్లీషు పాఠంలో లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ‘మెంటల్లీ హ్యాండీక్యాప్డ్’ అన్న పాత పేరు వదిలి ‘ఇంటలెక్చువల్ డిసెబిలిటీస్’ అని మార్చుకుంది. మంచి పని. ఆ పక్కనే బ్రాకెట్లలో ‘దివ్యాంగజన్’ కూడా చేరింది. 2019లో భారత్‌ను సమీక్షించిన ఐక్యరాజ్య సమితి కమిటీ ఈ మాటను వివాదాస్పదమంది.

దివ్యాంగ అన్న మాటను ఇష్టపడేవాళ్లను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. బిడ్డ నడక నేర్చినప్పటి నుంచీ ‘కుంటోడు’ అన్న పిలుపే విన్న తల్లికి, మైకులో ఎవరో మర్యాదగా ‘దివ్యాంగ’ అంటే ప్రాణం లేచొస్తుంది. ఆ మర్యాద ఆమెకు న్యాయంగా రావాల్సిందే. చిక్కల్లా ‘దివ్య’తోనే. తెలుగులో దివ్యక్షేత్రాలున్నాయి, దివ్యదృష్టి ఉంది, బాగా కుదిరిన ఉప్మా కూడా ‘దివ్యంగా’ ఉంటుంది. అంతా మెచ్చుకోలే. మెచ్చుకోలు పుచ్చుకుంటున్నవాడు అదే నోటితో ‘ఈ వేదికకు ర్యాంపు ఏదండీ?’ అంటే సభ ఇబ్బందిగా కదులుతుంది. అదే ప్రశ్న వికలాంగుడు ధర్నా చౌక్‌లో అడిగితే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఆ తేడా చాలు, నా ఓటు ధర్నా మాటకే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడో దారి పట్టి ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటోంది. అశోక్‌నగర్‌లో మాత్రం ఈ మాట నిలబడదు. ఫలితాలొచ్చిన సాయంత్రం టీ కొట్టు దగ్గర ‘వాడిది మెరిట్ కాదురా, కోటా’ అనేస్తారు, అక్కడితో ప్రతిభ సరి.

వికలాంగ, దివ్యాంగ ఎంత ఎడమొహం పెడమొహంగా ఉన్నా ఒక లోపం మాత్రం ఇద్దరిదీ. రెండూ అంగాన్నే చూస్తాయి. 1995 చట్టంలో 7 వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 అయ్యాయి. అందులో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటే తప్ప గడవని తలసేమియా పిల్లవాడికి ఏ అంగం వికలం? ఏ అంగం దివ్యం? మానసిక అనారోగ్యం సంగతీ అంతే. చట్టం వాడే ‘వైకల్యం గల వ్యక్తి’ పలకడానికి కాస్త బరువే గానీ, ఇలాంటివాళ్లకు అందులో చోటుంది.

ఇక పీహెచ్. ‘ఫిజికల్లీ హ్యాండీక్యాప్డ్’కి పొట్టి రూపం. ఇంగ్లీషులో పాతబడి, అమర్యాదగా మిగిలిపోయిన మాట. అయినా నోటిఫికేషన్ చేతికి రాగానే అభ్యర్థి వేలు వెతికేది ఆ గడినే. దాని కింద మళ్లీ వీహెచ్, హెచ్‌హెచ్, ఓహెచ్: చూపు, వినికిడి, కదలిక. ఇంత వికారమైన అక్షరాలు ఏ భాషలోనూ ఉండవేమో, కానీ ఏం ఇవ్వాలో చెప్పేవి ఇవే. చూపు లేని అభ్యర్థికి స్క్రైబ్, గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. దీనికి తోడు ‘సదరం’. వైకల్యం శాతాన్ని నిర్ధారించడానికి ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలవి. జనం నోట్లో పడి అచ్చ తెలుగు మాటైపోయింది. ‘సదరం ఎంతొచ్చింది?’ అంటే 40 శాతం దాటిందా అని.

ఆ 40 రాకపోతే పీహెచ్ గడి కూడా మూసుకుపోతుంది. చేతి కండరాలు పట్టేసి రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థికి, నిర్దేశిత వైకల్యం కిందికి రాడంటూ 2018 పరీక్షలో స్క్రైబ్‌ని నిరాకరించారు. 40 శాతం లేకపోయినా అతడికి స్క్రైబ్ హక్కు ఉందని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, మార్గదర్శకాలు తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. 2022 ఆగస్టులో అవి వచ్చాయి. ఈసారి ఎవరికీ కొత్త పేరు పెట్టలేదు.