బరువుంది కనుక అడగొద్దన్నారు

స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద బ్రిటన్ సుప్రీంకోర్టు 2022 నవంబరు 23న ఒక తీర్పు ఇచ్చింది. తర్కం ఎక్కడా తెగని తీర్పు అది. అయినా చదివాక ఒక ముక్క నాకు మింగుడు పడలేదు. అదేమిటో చెప్పాలంటే ముందు కొంచెం కథ కావాలి.

1707లో స్కాట్లాండ్, ఇంగ్లాండ్ కలిసి ఒకే రాజ్యమయ్యాయి. 1998 స్కాట్లాండ్ చట్టం ఎడిన్‌బరోలో మళ్ళీ ఒక పార్లమెంటును నిలబెట్టింది కానీ, కొన్ని విషయాలను లండన్ చేతిలోనే ఉంచింది. రెండు రాజ్యాల కలయిక అందులో ఒకటి. అదే చట్టంలోని 30వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇస్తే ఆ అధికారం ఎడిన్‌బరోకు కొంతకాలం దక్కుతుంది. 2012లో ఒప్పందం కుదిరాక అలాగే ఇచ్చారు. 2014 సెప్టెంబరు 18న పదహారేళ్ళు నిండిన పిల్లలు కూడా ఓటేశారు. 55 శాతం విడిపోవడం వద్దన్నారు, దాదాపు 45 శాతం కావాలన్నారు. రెండేళ్ళకే బ్రెగ్జిట్ వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లోనే ఉంటామని స్కాట్లాండ్‌లో 62 శాతం చెప్పినా బయటికి రాక తప్పలేదు. మళ్ళీ జనాన్ని అడుగుతామని ఎడిన్‌బరో అంది. ఈసారి లండన్ ఉత్తర్వు ఇవ్వలేదు.

అప్పుడు స్కాట్లాండ్ ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారి కోర్టు ముందు పెట్టిన వాదన ఇది: ఈ ఓటు సలహా మాత్రమే, దానంతటది ఏ బంధాన్నీ తెంచదు, కాబట్టి మా పార్లమెంటే జరుపుకోవచ్చు. ఐదుగురు న్యాయమూర్తులూ ఒక్కమాటగా కాదన్నారు. వాళ్ళు చెప్పిన కారణం చూడండి. చట్టప్రకారం జరిగిన ఓటు వట్టి సలహాగా మిగిలిపోదట. ప్రజాస్వామ్యంలో ఆ ఫలితానికి బరువుంటుందట. దాన్ని బట్టి కలయికకే బలం పెరగవచ్చు, తరగవచ్చు. అందుకని ఎడిన్‌బరో దాన్ని జరపకూడదు.

నాకు మింగుడు పడనిది ఇదే. గ్రామసభ మాటను 'సలహాయే కదా' అని పక్కన పెట్టడం మనం చూశాం. అక్కడ జనం మాట సలహాను మించినదని ఒప్పుకుని, ఆ కారణంగానే అడగొద్దన్నారు. కోర్టు చట్టాన్ని తప్పుగా చదివిందని మాత్రం నేననను. లోపం చట్టంలోనే ఉంది. తలుపు పెట్టారు, తాళంచెవి ఎప్పుడివ్వాలో రాయలేదు.

స్వాతంత్ర్యవాదుల మాటల్లోనూ పొల్లు లేకపోలేదు. హద్దుల్లేని పార్లమెంటు అధికారం ఇంగ్లాండ్ సూత్రమేనని, స్కాట్లాండ్ రాజ్యాంగ చట్టంలో దానికి చోటు లేదని 1953లో మెకార్మిక్ కేసులో లార్డ్ కూపర్ అన్నారు. ఆ మాటను వాళ్ళు పదేపదే చూపుతారు. ఆ కేసు వేసినవాళ్ళు ఓడిపోయారన్నది మాత్రం మెల్లగా దాటేస్తారు. తమ పాలన ఎలా ఉండాలో తేల్చుకునే సార్వభౌమ హక్కు స్కాట్లాండ్ ప్రజలదేనన్న 1989 నాటి 'హక్కు ప్రకటన' ఇంకొకటి. నేడు దాన్ని ఎత్తిపట్టే స్కాటిష్ నేషనల్ పార్టీ, అది పుట్టిన సమావేశానికి ఆనాడు దూరంగా ఉంది. 2018లో బ్రిటన్ దిగువ సభ ఆ ప్రకటన సూత్రాలను ఓటింగు అవసరం లేకుండానే ఒప్పుకుంది. దానివల్ల ఎవరికీ వీసమెత్తు కొత్త అధికారం రాలేదు.

స్కాట్లాండ్ ఒక వలస అని వాదించేవారూ ఉన్నారు. దీన్ని నేను ఒప్పుకోలేను. దత్తమండలాలను, అంటే నేటి రాయలసీమ ప్రాంతాన్ని, కంపెనీ తరఫున ఏలిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడే. ఆ దేశంలో భూమి పోగొట్టుకున్నవాళ్ళు లేరని కాదు. కొండప్రాంతాల్లో గేలిక్ మాట్లాడే రైతులను గొర్రెల పెంపకం కోసం వెళ్ళగొట్టారు. వెళ్ళగొట్టిన భూస్వాముల్లో చాలామంది స్కాట్లాండ్ వాళ్ళే. 'ప్రజలు' అన్నప్పుడు ఆ రైతులు ఎక్కడున్నారో కూడా అడగాలి.

ఇక మిగిలిన దారులు? లండన్ ఉత్తర్వు, లేదా లండన్ చేసే చట్టం. సాధారణ ఎన్నికనే స్వాతంత్ర్యంపై తీర్పుగా చూపిస్తామని ఆనాటి ప్రథమ మంత్రి నికోలా స్టర్జన్ అన్నారు. 2024 ఎన్నికల్లో ఆమె పార్టీకి స్కాట్లాండ్‌లోని 57 స్థానాల్లో 9 మాత్రమే వచ్చాయి.

అదే 1998లో బ్రిటన్ ఉత్తర ఐర్లాండ్‌కూ ఒక చట్టం చేసింది. ఐర్లాండ్‌తో కలవడానికి మెజారిటీ ఓటేస్తుందని మంత్రికి తోస్తే ఓటింగు పెట్టి తీరాలని, ఒకసారి జరిగాక ఏడేళ్ళ లోపు మళ్ళీ పెట్టకూడదని అందులో రాశారు. స్కాట్లాండ్ చట్టంలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.