సాంచాల నడుమ ఆరోగ్యం: ముందుమాట

పొగాకు మానమని, ఉప్పు తగ్గించమని కార్మికుడికి చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. ఆ పొగాకు అతని నోట్లోకి ఎందుకు చేరిందని అడిగిన పుస్తకం ఇది. అందుకే నేత కుటుంబంలో పుట్టిన నేను దీనికి సంతోషంగా ముందుమాట రాస్తున్నాను.

తెలంగాణ పల్లెల నుంచి సూరత్ వెళ్లి సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్న మన పద్మశాలీల బతుకు ఈ పుస్తకం రాసిన యువ వైద్యుడికి దగ్గరగా తెలుసు. పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలీ. కన్ను మూతపడితే పోగు తెగినా తెలియదు. గుడ్డ చెడితే కూలీలో కోత. ఆ మెలకువ కోసమే మావా దవడన చేరుతుంది. గుజరాత్‌లో 2012లోనే గుట్కాను నిషేధించారు. కానీ వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపే మావా కూడా నోటి క్యాన్సర్‌కు దారి తీసేదే.

చెవుల గురించి రాసిన అధ్యాయం నన్ను కదిలించింది. రోజుకు ఎనిమిది గంటల పనికి మోత 90 డెసిబెల్స్ మించరాదని మన నిబంధన. పన్నెండు గంటలు సాంచాల హోరులో నిలబడేవాడికి ఆ హద్దు కూడా రక్షణ కాదు. మోత వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అయినా మనవాళ్లు దాన్ని వయసు మీద పడటమనే అనుకుంటారు. ఒక పూట ఆసుపత్రికి పోతే ఆ పూట కూలీ పోతుంది కాబట్టి మగవాళ్లు ఒంట్లో బాధను పడిపోయేదాకా బయటపెట్టరు.

మార్పు ఎలా వస్తుందో సూరత్ నగరమే చూపింది. 1994లో ప్లేగు భయంతో లక్షలాది మంది విడిచిపోయిన సూరత్, మరుసటి ఏడు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో శుభ్రతకు పేరుపడింది. జనానికి నీతులు చెప్పి ఆయన ఆ పని చేయలేదు. అధికారులను రోజూ వీధుల్లోకి పంపి, చెత్త ఎత్తే పద్ధతినే మార్చారు. ఏర్పాటు మారాక జనం అలవాటూ మారింది.

రచయిత సాంచా ఖార్ఖానాకు కోరుతున్నదీ అదే: చేతికందే దూరంలో మంచినీళ్లు, చెవులకు రక్షణ, పాళీ మారే వేళ బీపీ, షుగర్ పరీక్షలు, కూలీ కోత లేని వారపు సెలవు. ఇవి ఉన్నచోట మావా మానమన్న మాటకు బలం వస్తుంది.

కార్మికుడిని తప్పుపట్టకుండా, అతని బాధ్యతనూ దాచకుండా రాసిన ఈ రచయితను మనసారా ఆశీర్వదిస్తున్నాను. ఈ పుస్తకాన్ని కార్మికులతో పాటు సేట్‌లూ చదవాలి, చదివి తమ ఖార్ఖానాలో ఒక్క ఏర్పాటైనా మొదలుపెట్టాలి.