చిత్రపటం అంచున ఆగిన ఎర: రాత్రివేట, అడవిపంది, కళాకారుని చూపు

మొగల్ చిత్రకళ మలిదశలో, ముఖ్యంగా 18వ శతాబ్దంలో, ఢిల్లీ, లక్నో ప్రాంతాల చిత్రకారులు ఒక విషయాన్ని పదేపదే గీశారు. చీకటి కమ్మిన అడవి. ఆకులు కట్టుకొన్న భిల్లు దంపతులు. స్త్రీ చేతిలో దీపం ఉంటుంది, కొన్ని పటాల్లో గంట కూడా ఉంటుంది. వెలుతురు పడని చోట విల్లు ఎక్కుపెట్టిన పురుషుడు. ఎదుట, కాంతికి విస్తుపోయి కదలక నిలిచిన లేళ్లు. లక్నోలో పనిచేసిన మీర్ కలాన్ ఖాన్ వంటి చిత్రకారులను రాత్రి దృశ్యాలు ప్రత్యేకంగా ఆకర్షించాయి. దీపపు వెలుగు ఆకుల అంచులను తాకి, క్రమంగా నల్లని నేపథ్యంలో కరిగిపోయే తీరు ఆ కుంచెల ప్రతిభకు తార్కాణం.

ఈ పటాల్లోని భిల్లులు వాస్తవమైన భిల్లులు కారు. నగరవాసి ఊహించుకొన్న అడవి అది. పేదరికానికి ఆకుల వస్త్రం కట్టి అందంగా చూపిన దోషం వాటిలో లేకపోలేదు. అయినా భారతీయ వేట చిత్రాల్లో అరుదుగా కనిపించే ఒక సత్యాన్ని అవి దాచలేదు. రాత్రివేటలో జంతువును చంపేది బాణమే కావచ్చు, కాని దానిని బాణం ముందుకు తెచ్చేది ఎర. ఇక్కడ దీపమే ఎర. దానిని పట్టుకొన్న స్త్రీ వేటలో సగభాగం. చిత్రకారుడు ఆమె ముఖాన్ని వెలుగులో ఉంచి, విలుకాడిని చీకటిలో నిలిపాడు.

రాజాస్థానాల చిత్రకళలో ఈ నిజాయితీ కొరవడింది. అడవిపంది వేటను విస్తారంగా చిత్రించిన మేవాడ్ శైలి ఇందుకు తగిన ఉదాహరణ. మేవాడ్ రాజపుత్రులకు అడవిపంది సాధారణమైన వేటజంతువు కాదు, తమతో సమానమైన శౌర్యం గల ప్రత్యర్థి. ఫాల్గుణ మాసంలో జరిగే 'అహేరియా' అనే వసంత మృగయను కర్నల్ జేమ్స్ టాడ్ 1829లో తొలి సంపుటం వెలువడిన తన రాజస్థాన్ చరిత్రలో వర్ణించాడు. రాణా తన సామంతులకు ఆకుపచ్చని తలపాగాలు, నడికట్లు పంచడం, జ్యోతిష్కుడు నిర్ణయించిన ముహూర్తానికి బయలుదేరడం, పందిని గౌరీదేవికి బలిగా వధించడం ఆ ఉత్సవంలోని ఘట్టాలు. ఆ నాటి జయాపజయాలను బట్టి ఏడాది శుభాశుభాలు నిర్ణయమయ్యేవి.

ఉదయపూర్ చిత్రకారులు ఈ వేటలను ఆకాశం నుండి చూసినట్లు గీశారు. కొండలు, వాగులు, కంచెలు, తరుముకొచ్చే జనం అంతా ఒకే పటంలో అమరుతాయి. మహారాణా అదే పటంలో రెండు మూడు చోట్ల కనిపిస్తాడు. ఒకచోట గుర్రంపై తరుముతూ, మరొకచోట గురిపెట్టి, ఇంకొకచోట పడిన పందిని పరికిస్తూ ఉంటాడు. కాలాన్ని స్థలంగా పరచి చూపే ఈ పద్ధతి మహారాణా ఫతేసింగ్ (1884-1930) కాలం దాకా కొనసాగింది. స్థలాన్ని ఇంత సూక్ష్మంగా నమోదు చేసిన చిత్రకళ మన దేశంలో తక్కువ. అంత సూక్ష్మంగా చూసిన కంటికి ఆ పందులు అన్ని సంఖ్యలో అక్కడికి ఎలా చేరాయన్న ప్రశ్న మాత్రం తోచలేదు.

సమాధానం పిచోలా సరస్సు దక్షిణపు గట్టున ఉంది. అక్కడి 'ఖాస్ ఓదీ' రాజుల వేటగృహం. ప్రతి సాయంత్రం ధాన్యం చల్లితే అడవిపందులు గుంపులుగా కొండ దిగివచ్చేవి. ఆ దృశ్యం యాత్రికులు తప్పక చూడవలసిన వింతల్లో ఒకటిగా బ్రిటిష్ కాలపు మార్గదర్శక గ్రంథాలకు ఎక్కింది. పందికి మేతపెట్టి మచ్చిక చేయడం, నిర్ణీత వేళకు నిర్ణీత స్థలానికి రప్పించడం అంటే ఎరవేయడమే. అయితే అది రాజు చేతిమీదుగా జరిగినప్పుడు దానికి ఆ పేరు రాలేదు, వినోదం అన్నారు.

ఈ వినోదానికి మూల్యం ఎవరు చెల్లించారో ఆళ్వార్ సంస్థాన చరిత్ర తెలుపుతుంది. అక్కడ 'రూంధ్' అనే రక్షిత మేతభూముల్లో రాజుల వేటకోసం అడవిపందులను పెంచేవారు. ధాన్యం తిని బలిసిన పందులు చీకటి పడగానే చేలమీద పడేవి. రైతుకు వాటిని చంపే హక్కు లేదు. 1921లో రైతులు తిరగబడ్డారు. చివరకు మహారాజా జైసింగ్ పందులను చంపుకొనే అనుమతి ఇవ్వక తప్పలేదు. ఇది జరిగిన నాలుగేళ్లకు, 1925 మే నెలలో, అదే సంస్థానంలోని నీముచానాలో శిస్తు పెంపును నిరసించిన రైతులపై కాల్పులు జరిగాయి. జాతీయోద్యమ చరిత్రలు రెండవ ఘట్టాన్ని విస్తారంగా ప్రస్తావించి, మొదటిదానిని ఒక వాక్యంతో దాటవేస్తాయి. తుపాకి కాల్పుల పక్కన పందుల గొడవ చిన్నదిగా తోచి ఉండవచ్చు. కాని రాత్రంతా చేను కాచి, తెల్లవారి పెళ్లగించిన మళ్లను చూసిన రైతుకు అది చిన్న విషయం కాదు.

ఈ ప్రశ్నతో తెలుగు కావ్యాల వైపు తిరిగితే దాదాపు ఇదే పరిస్థితి కనిపిస్తుంది. తెలుగునేలను పాలించిన రాజవంశాలకు వరాహంతో ఉన్న అనుబంధం గాఢమైనది. వేంగీ చాళుక్యుల లాంఛనం వరాహం, కాకతీయుల లాంఛనం వరాహం, విజయనగర ముద్ర వరాహం. విజయనగరపు బంగారు నాణెం వరహా పేరుతోనే నేటికీ భాషలో నిలిచింది. ముద్రమీద దైవం, అడవిలో వేట, చేలో శత్రువు అయిన ఈ జంతువును ప్రబంధకవులు మొదటి రెండు రూపాల్లోనే ఎక్కువగా చూశారు. ఎరుకలు రాజును దర్శించి, మృగాలు పంటలు పాడుచేస్తున్నాయని విన్నవించడం ప్రబంధాల్లో తరచు వచ్చే ఎత్తుగడ. ఆ విన్నపం ఒకటి రెండు పద్యాలతో ముగుస్తుంది. తర్వాత వలలు, జాగిలాలు, డేగలు, బల్లేలు, రాజు పరాక్రమం. పంట మళ్లీ కనిపించదు. వేట ముగిసినాక చేలు నిలిచాయో లేదో చెప్పిన ప్రబంధం అరుదు.

రాత్రి అసలే కనిపించదు. ఇందుకు కారణం క్షాత్రధర్మ భావనలో ఉంది. ఎదురుగా వచ్చిన పందిని పట్టపగలు బల్లెంతో పొడవడం వీరం. మేతకు తలవంచిన జంతువును చీకట్లో పొంచి కొట్టడం వంచన. కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో మృగయ, జూదం రెండింటిలో ఏది పెద్ద వ్యసనమన్న చర్చ చేస్తూ, వేటవల్ల శరీరానికి వ్యాయామం, కదిలే లక్ష్యాన్ని కొట్టే నేర్పు, మృగాల భయక్రోధాలను గుర్తించే జ్ఞానం కలుగుతాయని సమర్థించాడు. ఈ లెక్కలో ఎరకు చోటులేదు. ఎరవేసేవాడికి కావలసిన గుణం ఓపిక, అది రాజగుణాల పట్టికలో చేరలేదు. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని 'మానసోల్లాసం' (సుమారు 1130) మాత్రం చేపలు పట్టే వినోదంలో ఏ చేపకు ఏ మేత తగినదో శ్రద్ధగా చెప్పింది. అదే గ్రంథం పందిమాంసాన్ని వండే విధానాన్నీ, బొచ్చు తొలగించేందుకు తెల్లని బట్ట కప్పి వేడినీళ్లు పోయడంతో సహా, వివరించింది. వంటింటి వివరం కవులకన్నా ఆ రాజుకే బాగా తెలుసు.

పొలం కావలి కావ్యాల్లో లేదనడం సరికాదు. కాళిదాసు రఘువంశం నాలుగవ సర్గలో వరిచేను కాచే స్త్రీలు చెరకు నీడన కూర్చొని రఘుమహారాజు కీర్తిని పాడతారు. మనోహరమైన చిత్రం, అయితే అది పగటిపూట కావలి. రాత్రి మంచెమీద డప్పు కొడుతూ, కాగడా తిప్పుతూ, నిద్రకు కాచుకొన్నవాడు రాజు కీర్తిని పాడే స్థితిలో ఉండడు గనుక కావ్యంలోకి రాలేదనుకోవాలి. రాతిలో మాత్రం ఒక విచిత్రమైన మినహాయింపు ఉంది. కర్ణాటకలోని ఆతకూరు శాసనం (సుమారు 950) పందితో పోరాడి చనిపోయిన 'కాళి' అనే వేటకుక్క స్మారకం. దానికి శిల నిలిపి, భూమి దానమిచ్చి, పూజ మానినవారికి పాపం తగులుతుందని హెచ్చరించారు. పంది కూడా ఆ పోరులోనే చచ్చింది.

అల్లసాని పెద్దన 'మనుచరిత్ర' ఈ చర్చలో ప్రత్యేకంగా నిలుస్తుంది. దాని మూలకథ మార్కండేయ పురాణంలోనిది. స్వరోచి పందిని తరిమి బాణం తొడిగినప్పుడు ఒక ఆడలేడి అడ్డువచ్చి, దానిని విడిచి తనను కొట్టమంటుంది. ఆ లేడి వనదేవత. ఆమె వలన స్వారోచిష మనువు జన్మిస్తాడు. వరాహముద్ర గల ప్రభువు ఆస్థానంలో వెలసిన కావ్యానికి ఆధారమైన కథలో పంది తప్పించుకొన్నందుకే మనువు పుట్టుక సాధ్యమైంది. వ్యాఖ్యాతలు వరూధినీ ప్రవరుల మీద వెచ్చించిన శ్రద్ధలో పదోవంతు కూడా ఈ ఘట్టానికి దక్కలేదు.

రాత్రిని, అడవిని, పందిని ఒకచోట చేర్చి రాజును పూర్తిగా బయట ఉంచిన తెలుగు రచన కోసం 20వ శతాబ్దం చివరిదాకా వేచి ఉండవలసి వచ్చింది. డాక్టర్ కేశవరెడ్డి నవల 'అతడు అడవిని జయించాడు' లో పందులు మేపుకొనే ఒక ముసలివాడు, ఈనబోయే తన పంది ఇల్లు చేరనందున దానిని వెతుక్కొంటూ అడవిలోకి వెళ్తాడు. కథ అంతా దాదాపు ఒక రాత్రి. పెంపుడు పంది ప్రసవవేళ అడవిజంతువుగా మారిపోతుంది, యజమాని కూడా దానికి శత్రువే. ముసలివాని చేతిలోని ఆయుధం దేనికోసమో అతనికే క్షణక్షణం సందేహం కలుగుతుంది. హెమింగ్వే నవలికతో పోల్చి ఈ రచనను మెచ్చుకోవడం పరిపాటి అయింది. ఆ పోలికవల్ల దీని అసలు విశిష్టత మరుగున పడింది. సముద్రంలో ముసలివాడు ఎరవేసి చేపను పట్టాడు. ఇక్కడి ముసలివాడు ఎర వేయలేదు, తన పంది ఇతర జంతువులకు ఎర కాకుండా చూడడానికి వెళ్లాడు. అశోకుని ఐదవ స్తంభశాసనం గర్భంతో ఉన్న, పాలిచ్చే పందిని వధించరాదని ఆజ్ఞాపించింది. ఆ ఆజ్ఞలోని కరుణ ఎంత కష్టసాధ్యమో ఈ నవల చూపినంతగా మరొక తెలుగు రచన చూపలేదు.

చేల పరిస్థితి నేటికీ సద్దుమణగలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిపందికి రక్షణ కల్పించింది. పంటనష్టం దృష్ట్యా 2015లో బీహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో దానిని నిర్ణీత ప్రాంతాల్లో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా ప్రకటించారు. 2022లో కేరళ ప్రభుత్వం చంపేందుకు అనుమతించే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. అనుమతి అందని చోట్ల రైతులు చాటుగా కరెంటు తీగలు పరిచారు, తినుబండారంలో పేలుడు మందు దాచి ఎర పెట్టారు. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో గర్భిణి ఏనుగు అటువంటి ఎరను కొరికి, నోరు ఛిద్రమై, నదిలో నిలబడి మరణించింది. ఆ ఛాయాచిత్రాన్ని దేశమంతా చూసింది. అందులోనూ ఏనుగే ఉంది. ఎరపెట్టిన చేను, అక్కడ రాత్రులు గడిపిన మనిషి ఆ చట్రంలోకి రాలేదు.