గోరంత గ్రీజు

రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్ళే రైతుకు టార్చిలైటు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. గట్టు మీద పాముందో లేదో చూసేది దాని వెలుగులోనే. అది వానలో తడిసినా, బోదెలో జారిపడినా వెలగాలి. టార్చి బాగోగులంటే బల్బూ బ్యాటరీలే అనుకుంటాం గానీ, వాటిని కాపాడేవి మరో రెండున్నాయి. ఒకటి మూత బిగించే మరలు, రెండోది ఆ మరల పక్కన గాడిలో కూర్చున్న నల్లటి రబ్బరు రింగు. కుట్టుమిషనుకు నూనె వేసే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. టార్చికి గ్రీజు రాసే అలవాటు కూడా అలాగే రావాలి. పద్ధతి తెలిస్తే పది నిమిషాల్లో అయిపోయే పని అది.

ఆ రింగును ఓ-రింగు అంటారు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్‌కు 1939లో దీని మీద పేటెంటు వచ్చింది. దాని బలమంతా నలిగి మళ్ళీ లేవడంలో ఉంది. మూత బిగించినప్పుడు రింగు గాడికీ ఎదుటి గోడకూ మధ్య కొద్దిగా నలుగుతుంది. మళ్ళీ గుండ్రంగా అవ్వాలని రెండు వైపులా ఒత్తుతుంది. ఆ ఒత్తిడే నీటిని ఆపుతుంది. 1986లో చాలెంజర్ వ్యోమనౌక కూలినప్పుడు భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ దాని రాకెట్ల ఓ-రింగుల రబ్బరు ముక్కను ఐసు నీళ్ళలో ముంచి, చలికి అది వెంటనే లేవలేకపోవడాన్ని విచారణలో అందరి ముందూ చూపించాడు. నలిగిన రబ్బరు లేవకపోతే సీలు లేనట్టే.

కాబట్టి నీటికి అడ్డుపడేది రబ్బరే, గ్రీజు దానికి తోడు మాత్రమే. పొడిబారిన రింగు మూత తిప్పుతుంటే లోహానికి పట్టుకుని మెలిపడుతుంది, అంచుల్లో చీరుకుపోతుంది. సన్నటి గ్రీజు పొర ఉంటే జారుతూ తన చోట కుదురుకుంటుంది. ముద్దలు ముద్దలుగా పూస్తే మాత్రం లాభం లేదు. మిగులు గ్రీజుకు దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్మే రబ్బరును కోస్తుంది.

మరల సంగతి వేరు. ఇప్పటి టార్చీలు ఎక్కువగా అల్యూమినియంవి. అది మెత్తటి లోహం. రెండు అల్యూమినియం మరలు పొడిగా రాసుకుంటే ఒకదాని మీది లోహం రెండోదానికి అంటుకుని ఊడివస్తుంది. మూత తిప్పినప్పుడు గరగరమనడం, వేళ్ళకు నల్లటి మసి అంటడం దాని గుర్తులు. మరల మీద యానోడైజింగ్ పూత ఉంటే ఈ అరుగుదల తగ్గుతుంది. ఆ పూత గుండా కరెంటు పారదు. అందుకే కొన్ని టార్చీల్లో మూతను కాస్త వదులు చేస్తే చాలు, దీపం ఆరిపోతుంది. సంచిలో దానంతటదే వెలగకుండా ప్రయాణాల్లో ఇది పనికొస్తుంది. ఇలాంటి వాటిలో కరెంటు పారేది గొట్టం చివర పూత లేని అంచు గుండా. దానికి గ్రీజు అంటితే వెలుగు మినుకుమినుకుమంటుంది.

ఏ గ్రీజు రాయాలన్నదే అసలు ప్రశ్న. చేతికందే కొబ్బరినూనె దీనికి పనికిరాదు. చలికాలం ఉదయాన సీసాలోనే గడ్డకడుతుంది, కొన్నాళ్ళకు జిగటబారుతుంది. వ్యాజిలీన్ పెట్రోలియం సరుకు. నైట్రైల్ రబ్బరు రింగు దాన్ని తట్టుకుంటుంది గానీ సహజ రబ్బరూ, ఈపీడీఎం రబ్బరూ ఉబ్బిపోతాయి. తుప్పు వదిలించే స్ప్రే ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. నైట్రైల్, ఈపీడీఎం రింగులకు స్వచ్ఛమైన సిలికోన్ గ్రీజు మంచిది. ఆర్వో ఫిల్టర్ల రింగులకూ దాన్నే రాస్తారు. రింగే సిలికోన్‌ది అయితే మాత్రం ఆ గ్రీజు వద్దు, ఉబ్బుతుంది. లోహంతో లోహం రాసుకునే చోట సిలికోన్ గ్రీజు అంతగా నిలవదు. అందుకే టార్చి ప్రియులు మరలకు నైయోజెల్ 760జి లాంటి సింథటిక్ గ్రీజు వాడతారు.

ఇక పని. ముందు బ్యాటరీ బయటికి తీయాలి. లిథియం బ్యాటరీ అయితే ఇది తప్పనిసరి. రింగును రెండు వేళ్ళతో పక్కకు నొక్కితే గాడిలోంచి లేస్తుంది, అక్కడ పట్టి తీయాలి. సూది, కత్తి వాడితే గాటు పడుతుంది. నూగు రాలని పాత నూలుగుడ్డతో రింగునూ గాడినీ తుడవాలి. మరల సందుల్లోని మసిని పొడి టూత్‌బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. రింగును వేలి మీద వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. పగిలినా, ఒక పక్క చదునైపోయినా కొత్తది వేయాల్సిందే. ఆ లోపాన్ని ఏ గ్రీజూ పూడ్చలేదు.

బియ్యపుగింజంత గ్రీజు తీసుకుని రింగు నిగనిగలాడేదాకా వేళ్ళ మధ్య నలపాలి. మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. మరలకు సన్నగా పూసి, మూతను ముందుకూ వెనక్కూ తిప్పితే అన్ని చుట్లకూ పరుచుకుంటుంది. పైకి ఉబికింది తుడిచేయాలి. బిగించేటప్పుడు మొదట వెనక్కి తిప్పుతూ మర టక్కున దిగేదాకా ఆగి, తర్వాత ముందుకు తిప్పితే మర తప్పదు. చివరగా గొట్టం అంచునూ, మూతలోని స్ప్రింగునూ పొడిగా తుడవాలి.

డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా ఆ టార్చికి హాని ఉండదని అర్థం. కొన్ననాడు పరీక్షకు నిలిచిన ఆ గుణం రింగు బాగున్నంతకాలమే ఉంటుంది. ఏటా నిలబెట్టుకోవలసింది మనమే. టార్చి మొరాయించేది చీకట్లో, వానలో. అప్పుడు విప్పి చూసే వీలుండదు. అందుకే రోహిణి కార్తెలో, తొలకరికి ముందు పనిముట్లు సరిచూసుకునే రోజుల్లో టార్చినీ ఒకసారి విప్పి తుడిచి గ్రీజు రాయండి.