ఎన్నేళ్ల ఆకు మిగిలింది?

స్ప్రూస్ కొమ్మను చేతిలోకి తీసుకుని కొన నుంచి వెనక్కి ఏళ్లు లెక్కపెట్టడం, జర్మనీకి వచ్చాక నాకు అలవాటైన పని. కొమ్మ ఏటా బెత్తెడో జానెడో సాగుతుంది. చివరనున్న లేత ముక్క ఈ ఏటిది, దాని వెనకది నిరుటిది, ఆ వెనకది ముందటేటిది. సూదుల్లాంటి ఆకు ఎన్నేళ్ల వెనక్కి నిలిచిందో చూస్తే చెట్టు బాగోగులు సగం తెలిసినట్టే. ఆరోగ్యంగా ఉన్న స్ప్రూస్ ఐదారేళ్ల ఆకును, ఎత్తయిన కొండల మీదైతే ఇంకా పాత ఆకును కూడా మోస్తుంది. కాబట్టి లోపలి వైపు పాత సూదులు రాలాయని కంగారు పడక్కర్లేదు. రెండు మూడేళ్ల ఆకే మిగిలి వెనకంతా బోసిపోతేనే ఆలోచించాలి.

బోసిపోయిన చోట వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. స్ప్రూస్‌లో ప్రతి సూదీ ఓ చిన్న మొటిమ మీద కూర్చుంటుంది. సూది పోయినా మొటిమ పోదు. స్ప్రూస్‌ను పోలిన ఫర్ చెట్టు కొమ్మైతే నున్నగా, గుండ్రటి మచ్చలతో ఉంటుంది. రెండూ ఒకటే అనుకునేవాళ్లకు ఈ పరీక్ష చాలు.

ఆకును చెట్టే తెంచుకుంటుంది. ఆకు మొదట్లో పలచటి కణాల పొర ఒకటి ఉంటుంది. ఆకు నుంచి ఆక్సిన్ అనే హార్మోన్ దిగుతున్నంతకాలం ఆ పొర పట్టు వదలదు. ఆకు ముసలిదై ఆక్సిన్ తగ్గితే ఇథిలీన్‌కు లొంగిపోతుంది, కణాల్ని పట్టి ఉంచే జిగురు కరుగుతుంది. ఇథిలీన్ మనకు కొత్తదేం కాదు, మామిడికాయల్ని మగ్గబెట్టే గదుల్లో వదిలే వాయువే. నీటి ఎద్దడిలో ఆకు రంధ్రాల్ని మూయించే అబ్సిసిక్ ఆమ్లమే ఆకుల్ని రాల్చేదని 1960ల్లో అనుకున్నారు. ఆ పెత్తనం చాలావరకు ఇథిలీన్‌దేనని తర్వాత తేలింది. కెనడాలో క్రిస్మస్ చెట్లుగా అమ్మే బాల్సమ్ ఫర్ కొమ్మల్ని కోసి, ఇథిలీన్ పనిని అడ్డుకుని చూస్తే, సూదులు మరిన్ని రోజులు నిలిచాయి.

కోసిన కొమ్మ సంగతి సరే, నిలబడి క్షీణించే చెట్టు అంత తేలిగ్గా గుట్టు విప్పదు. అడవి చచ్చిపోతోందన్న భయం 1981లో జర్మన్ వారపత్రిక 'దేర్ ష్పీగెల్' ముఖచిత్రానికెక్కింది. 1984 నుంచి ఏటా బైనాక్యులర్లతో చెట్ల తలలు చూసి ఎంత శాతం ఆకు పోయిందో అంచనా కడుతున్నారు. పావు వంతు దాటితే చెట్టు దెబ్బతిన్నట్టు లెక్క. గంధకపు పొగ, ఆమ్ల వర్షం, నేలలోంచి మెగ్నీషియం కొట్టుకుపోవడం, ఇలా కారణాలు చాలా చెప్పారు. పసుపెక్కిన సూదుల్లో హార్మోన్లనూ కొలిచారు. ఆ కొలతలంటే నాకు కాస్త అనుమానమే. వేళ్ల నుంచి వచ్చి ఆకును పచ్చగా ఉంచే సైటోకైనిన్ తగ్గిందనుకుందాం. అది తగ్గినందుకే ఆకు పసుపెక్కిందా, వేరు చెడి రెండూ జరిగాయా? సూది నలిపి చెప్పగలిగేది కాదది. పైగా నిరుటి సూదిని నాలుగేళ్ల సూదితో పోలిస్తే జబ్బు కాదు, వయసే బయటపడుతుంది. ప్రయోగశాలవాళ్లైనా ముందు కొమ్మ మీద ఏళ్లు లెక్కపెట్టాల్సిందే.

వేసవిలో చెట్టు కింద పచ్చి సూదులే పరుచుకుంటే మాత్రం ఈ లెక్కలకు తీరిక లేదు, అది బెరడు పురుగు పని కావచ్చు. 2018 కరువు తర్వాత హార్జ్ కొండల్లో స్ప్రూస్ అడవుల్ని బెరడు పురుగు ఊడ్చేసింది. మాను మొదట్లో, బెరడు పగుళ్లలో పురుగు తొలిచిన గోధుమరంగు పొట్టు ఉందేమో చూడాలి. ఉంటే, కొత్త తరం పురుగులు పక్క చెట్టుకు ఎగరకముందే ఈ చెట్టును కొట్టి అడవి దాటించెయ్యాలి.