వెండి మీద ఇద్దరు కుర్రాళ్లు

రోమా వెండీ, నిన్ను పాడుకుంటాను. సువర్ణరేఖా ఖర్కాయీ కలిసే జంషెడ్‌పూర్‌లో, కొలుముల వెలుగుకి రాత్రి ఆకాశం ఎర్రబారే ఊళ్లో కూర్చుని పాడుకుంటాను. మా పొరుగున మయూర్‌భంజ్‌లోని బామన్‌ఘాటీలో నీ బంగారు తోబుట్టువులు దొరికాయి. అయినా నా మనసు నీ మీదే, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 నాణేలై ఒక్కచోట బయటపడ్డ నీ మీదే.

నాలుగు గ్రాములైనా తూగవు. ఆ కాస్త చోటులో ఒకవైపు లారెల్ ఆకుల దండ చుట్టుకున్న రోమ్ చక్రవర్తి అగస్టస్ తల. తిప్పితే ఇద్దరు కుర్రాళ్లు, గాయస్, లూసియస్. ఆయన కూతురి కొడుకులు, ఆయనే దత్తత చేసుకున్న వారసులు. మధ్యన డాళ్లు, ఈటెలు. పైన పూజారుల గరిటె, కొస వంగిన కర్ర. రేపటి రోమ్ వీళ్లదేనని లియోన్ టంకశాల సుత్తి దెబ్బ దెబ్బకీ చాటింది. క్రీ.శ. 2లో లూసియస్ పోయాడు, 4లో గాయస్. ఇద్దరూ తాత కళ్లముందే.

ఏలవలసిన రోమ్‌ను ఏలకుండానే వెళ్లిన బిడ్డలు, ఎన్నడూ చూడని తెలుగు నేలకు వచ్చారు. నైరుతి గాలి తెరచాపల్లో నిండితే సముద్రం దాటారు. వాళ్ల పేర్లు తెలియని చేతులు వాళ్లను భద్రంగా దాచాయి.

మన దేశంలో దొరికిన నీ నాణేల్లో కొన్నిటి మీద చక్రవర్తి చెంపకు ఉలిగాటు ఉంటుంది. పరాయి రాజు ముఖాన్ని కొట్టేశారని కొందరు పండితులు, లోపల రాగి దాగిందేమోనని చూశారని మరికొందరు. నాకు రెండో మాటే నిజమనిపిస్తుంది. కరిగిన ఉక్కును నమూనా తీసి పరీక్షించనిదే ముందుకు పంపని ఊరివాణ్ణి, ఆ గాటులో నాకు పగ కనబడదు, లోహం తెలిసినవాడి శ్రద్ధ కనబడుతుంది. సింహళ రాజు కూడా బొమ్మలు వేరైనా బరువు ఒక్కటేనని చూసి రోమన్ల నిజాయితీని మెచ్చాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నీ బరువూ తగ్గించాడు, వెండి పాలూ తగ్గించాడు. మన నేలలోని వెండి రాశుల్లో అతని ముఖం అరుదు. దండిగా కనబడేవి అగస్టస్, అతని తర్వాత ఏలిన తిబెరియస్‌లవే.

తిబెరియస్ నాణెం వెనక ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది, ఒక చేత రాజదండం, ఒక చేత కొమ్మ. శాంతి దేవతో, రాజమాత లివియాయో! సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో ఆ తిబెరియస్ నాణేన్ని పోలిన మట్టి బిళ్లలు దొరికాయి. రవ్వంత వెండైనా లేదు వాటిలో. తూచడానికీ గాటు పెట్టడానికీ ఏమీ లేని ఆ మట్టిలో, ఉత్త బొమ్మ మీది ముచ్చటతో, ఎవరో మనవాళ్లు నిన్ను మళ్లీ చేసుకున్నారు.